తాళం వేసిన బీరువా



ఈ నెల మీకొక చిక్కు ప్రశ్న. నిండా పుస్తకాలున్నా ఒక్కరూ చదవని గ్రంథాలయానికీ, అసలు పుస్తకమే లేని ఊరికీ తేడా ఏమిటి? జవాబు చివర చెప్పుకుందాం. ముందుగా నేను చేసిన తప్పు ఒకటి వినండి. మాస్టారు తన తప్పు తానే చెప్పుకోవడం మీకు వింతగా ఉండవచ్చు. అయినా చెబుతాను.

1987లో నేను దుమ్ముగూడెం ప్రాంతంలో ఒక చిన్న బడిలో పనిచేస్తున్నాను. ఒకనాడు బడికి ఒక పెట్టెడు పుస్తకాలు వచ్చినవి. అన్నీ కొత్తవి, అట్టలు తళతళలాడుతున్నవి. "పిల్లల చేతికిస్తే చింపుతారు, పోతే లెక్క చెప్పవలసినవాణ్ణి నేను" అనుకున్నాను. వాటిని అద్దాల బీరువాలో పేర్చి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను.

నాలుగో తరగతిలో ఒక కోయ పిల్లవాడుండేవాడు. ఇంట్లో కోయభాష, బడిలో తెలుగు. రోజూ మధ్యాహ్నం ఆ బీరువా ముందు నిలబడి, అద్దంలోంచి పుస్తకాల పేర్లు కూడబలుక్కుని చదివేవాడు. కొన్నాళ్లకు అన్ని పేర్లూ వరుసగా అప్పజెప్పగలిగాడు. "మాస్టారూ, ఆ నక్షత్రాల పుస్తకం ఒక్కసారి చూస్తాను" అని అడిగాడు. "పెద్దవాడివైనాక చూద్దువుగానిలే" అన్నాను.

వేసవి సెలవులు గడిచి, బడి తెరిచినాక ఒకనాడు బీరువా తీశాను. వెనుక చెక్కకు చెదలు పట్టి ఉన్నవి. పుస్తకాల అట్టలు నిలబడే ఉన్నవి గాని, ముట్టుకుంటే లోపల మట్టి! ఆ పిల్లవాడు నా పక్కకు వచ్చి, "నక్షత్రాల పుస్తకం కూడా పోయిందా మాస్టారూ?" అన్నాడు. నా నోట మాట రాలేదు. పిల్లలు చింపుతారని దాచిన పుస్తకాలను చెదలు చదువుకున్నవి.

చెదలు కాగితాన్ని ఎందుకు తింటవో తెలుసునా? వెదురు, జామాయిల్ వంటి కర్రలను గుజ్జు చేసి కాగితం తయారుచేస్తారు. మా భద్రాచలానికి ఎదుటి ఒడ్డున, సారపాకలో అటువంటి మిల్లు ఉన్నది. కర్రలోని సెల్యులోజు అనే పదార్థమే కాగితంలోనూ ఉంటుంది. అది మనకు అరగదు. చెదల పొట్టలోని సూక్ష్మజీవులు దానిని అరిగించగలవు. అయితే చెదలకు చీకటి కావాలి, తేమ కావాలి, అలికిడి లేని చోటు కావాలి. రోజూ నలుగురు తీసి చదివే పుస్తకానికి ఆ మూడూ ఉండవు. అంటే చదవడమే పుస్తకానికి కాపలా!

ఈ తప్పు నేనొక్కణ్ణే చేసినది కాదు. పూర్వం ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టి ఉంచేవారు. మన దేశపు గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రాలు ప్రకటించారు. పుస్తకాలున్నది దాచడానికి కాదు, వాడుకోవడానికి అన్నదే వాటిలో మొదటిది.

మన తెలుగువారిలో ఆ సంగతి తెలిసిన మహనీయులు చాలామంది ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలువ మీద పడవలోనే గ్రంథాలయం నడిపారు. మా దుమ్ముగూడెం వద్ద కూడా గోదావరి మీద పడవల రాకపోకల కోసం ఆంగ్లేయులు ఆనకట్ట, లాకులు కట్టించారు. 1871లో ఆ పథకాన్ని మధ్యలోనే వదిలేశారు. పడవ నడవకపోతే లాకులెందుకు? చదివేవారి చేతికి అందకపోతే పుస్తకమెందుకు?

మరుసటి ఏడు మళ్లీ కొన్ని పుస్తకాలు సంపాదించాను. ఈసారి తాళంచెవి అయిదో తరగతి అమ్మాయి చేతికిచ్చి, ఎవరు ఏది తీసుకున్నదీ రాయమన్నాను. ఏడాదిలో రెండు పుస్తకాలు పోయినవి. కొన్నింటికి పులుసు మరకలు. ఒకదానిలో గుర్తుకోసం తునికాకు పెట్టి ఉన్నది. మరొకటి మూడిళ్లు తిరిగి, ఆరు నెలలకు వచ్చింది. ఆ మరకలు చూసి నాకు కోపం రాలేదు.

కాని ఆ కోయ పిల్లవాడు అప్పటికే మరో బడికి వెళ్లిపోయాడు. నక్షత్రాల పుస్తకం అతనికి నేను పడిన బాకీ. ఆ బాకీ ఇప్పటికీ తీరలేదు.

ఇక ప్రశ్నకు జవాబు. చదివేవారికి రెంటికీ తేడా లేదు. తేడా అంతా చెదలకే!

ఈ నెల మీరొక పని చేయండి. మీ ఇంట్లో, మీ బడిలో చాలాకాలంగా ఎవరూ తీయని పుస్తకాన్ని ఒకటి తీసి, దుమ్ము దులిపి, చదవండి. చదివినాక మరొకరికివ్వండి. చదవడం రాని అవ్వకో తాతకో పైకి చదివి వినిపించండి. పెద్దలకు ఒక మనవి: పుస్తకం నలుగుతుందని పిల్లలను కోప్పడకండి. నలిగిన పుస్తకాన్ని అంటించవచ్చు. అడగడం మానేసిన పిల్లవాడిచేత మళ్లీ అడిగించడం కష్టం.

వచ్చే నెల కలుసుకుందాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు