నక్షత్రములు లెక్కించువారు

అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ జట్లకు ఆటగాండ్రను వెదకు శిక్షకుని చూపు ఒకప్పుడు సంతలో కోడెను పరీక్షించు రైతు చూపు వంటిది. శుక్రవారపు రాత్రులందు ఉన్నత పాఠశాలల మైదానముల చెంత నిలిచి, బాలుని పరుగునే గాక, పడి లేచు తీరును, ఓడిన పిదప వాని ముఖమును గూడ అతడు పరికించెడివాడు. ఆ చూపు నిష్కళంకమని నేననను: ఆగ్నేయ రాష్ట్రముల కళాశాలల కూటమిలో 1967 వరకు ఒక్క నల్లజాతి యువకుడైనను ఆడ నోచుకొనలేదు గదా! పిమ్మట ఫిల్ములు వచ్చెను, 2006లో లింకన్ నగరమున పుట్టిన హడల్ సంస్థ వలన ఆటల దృశ్యములు అంతర్జాలమునకెక్కెను, రైవల్స్ వంటి సంస్థలు పదునారేండ్ల పిల్లలకు రెండో అయిదో నక్షత్రములు తగిలింపసాగెను. అయినను కాలిఫోర్నియాలోని ఫైర్‌బా యను చిన్న యూరిలో, అప్పటికింకను బక్కపలుచగానున్న జాష్ ఆలెన్‌ను పాఠశాల ముగియునాటికి అగ్రశ్రేణి విశ్వవిద్యాలయమొక్కటియు పిలువలేదు. అతడు రీడ్లీ జూనియర్ కళాశాలలో ఆడి, వయోమింగ్ చేరి, 2018 నాటి వృత్తిజట్ల ఎంపికలో ఏడవవాడయ్యెను. అదే యేట, వేరొక కళాశాలకు బదిలీ కోరు ఆటగాండ్ర నమోదు పట్టిక వెలసినది. నాటినుండి పెక్కు శిక్షకులు, ఎదుగనున్న బాలుని గుర్తించుట కంటె, పరుల పెరటిలో ఎదిగిన వానిని తెచ్చుకొనుటయే సులభమని తలచుచున్నారు.