కార్తికవ్రతము - కొల్లేటివేట

కార్తికమున మన యిండ్లలో మాంసము మానుదురు. పోలిపాడ్యమి గడచుటయే తడవు, పరజపిట్టలకై కొల్లేటిలంకలకు కబు రంపుదురు. తడి యారని వరిమళ్లలో నేదారిని పోవలెను, ఎవరి దోనె కుదుర్పవలెను అని బెజవాడ యరుఁగులమీఁద నాలోచనలు సాగును. దీనికి వినోదయాత్ర యని పేరు!

ఇది వినోదము గాదు, నేర మని మే మందుము. వన్యప్రాణి సంరక్షణచట్టము 1972లో పుట్టెను. 1991 నాఁటి సవరణతో వినోదపువేటకు అనుమతి యిచ్చుట ముగిసెను. ఆ చట్టమున పిట్టను చంపుటయే కాదు, వల పన్నుటయు, అందులకు ప్రయత్నించుటయు వేటయే. కొల్లేరు 1999లో అభయారణ్యమయ్యెను. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల రామ్‌సర్ తడినేలల పట్టికలో చేరెను. శీతకాలము గడపుటకై దూరదేశములనుండి యెగిరివచ్చు బాతుల కది విడిది. అతిథిని దేవుఁ డనెడు మనము ఈ యతిథులను కూర వండుకొందుమా?

పేదవాని కూడు చెఱుపవల దని కొంద ఱందురు. మంచిది, కాని పేదవాఁడు పట్టిన పిట్టను వెల యిచ్చి తినువాఁ డెవఁడు? పట్టుపడిన నాఁడు చెర వలవానికి, విందు మనకు! కొనువాఁడు లేనిచో వల యెండును. కావున సోదరీసోదరులారా, కొల్లేటిపిట్ట మా పొయ్యి యెక్కదని నేఁడే యింటింట నిశ్చయింపుఁడు.