తలుపులేని యిండ్లు

రాత్రి గడియ బిగించి తాళము వేసికాని నిద్రింపని గృహస్థుడు, తన వైఫైని మాత్రము నడివీథిలో విడిచిపెట్టుచున్నాడు. తీగ గోడ కీవలనే యుండును. రేడియో తరంగము గోడను దాటి పొరుగింటికిని వీథికిని పోవును. ఈ భేదము నెఱుంగక యంత్రమును నెలకొల్పుకొనుట ప్రమాదమును పిలిచి పీట వేయుటయే.

“మా యింట దాచదగిన దేమున్నది?” అని కొంద ఱడుగుచున్నారు. వారు 2008వ సంవత్సరమును జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక! ఆ జూలై 26వ తేదీన అహమ్మదాబాదులో బాంబులు ప్రేలుటకు కొలది నిమిషములు ముందు పంపబడిన బెదిరింపు ఈమెయిలు, నవీ ముంబయిలో నొక నివాసమునందు తాళము లేక పడియున్న వైఫై గుండ వెడలినది. ఆ యింటివానిది నేరము గాదు, అజాగ్రత్త. ఐనను పోలీసు విచారణ మొదట వచ్చిపడినది వాని మీదనే. కావున తెఱచియుంచిన వైఫై సొంత వ్యవహారము గాదు. సంఘమునకు చేయు నపచారము.

“మేము తాళము వేసితిమి” అనువారు మఱికొందఱు. ఏ తాళము? 1997లో వచ్చిన వెప్ అను తాళమును 2001లోనే శాస్త్రజ్ఞులు విఱిచి చూపిరి. మీట నొత్తి కలుపుకొను సౌకర్యముతో వచ్చిన ఎనిమిదంకెల సంఖ్యను కనుగొనుటకు పదునొకండు వేల ప్రయత్నములు చాలునని 2011లో తేలినది. 2018లో డబ్ల్యూపీఏ 3 వచ్చినను, పాత పెట్టెలను పాత పాస్‌వర్డులతోనే యేండ్లతరబడి నడపుకొనువా రెందఱు లేరు!

కార్యాలయముల సంగతి యింతకంటె శోచనీయము. లెక్కల కంప్యూటరును, వచ్చిపోవువారి ఫోనులను ఒకే నెట్‌వర్కున గట్టుట, ధాన్యపుగాదెకును సత్రమునకును ఒకే ద్వారము పెట్టుట గాదా? అతిథులకు వేఱు నెట్‌వర్కు నేర్పఱచుటకు క్రొత్త యంత్రము కొననక్కఱలేదు. నేటి రూటర్లలో పెక్కింట నా వసతి కలదు. కావలసినది శ్రద్ధ.

ఫ్యాక్టరీ పెట్టిన పాస్‌వర్డును మార్పకయే కూలి పుచ్చుకొని పోవు మెకానిక్కును, అడుగని యజమానియు సమాన దోషులు. యంత్రములన్నిటికి నొకే పాస్‌వర్డు పెట్టి యమ్మరాదని బ్రిటను 2024 ఏప్రిల్ 29 నుండి శాసించినది. మనము శాసనముకొఱకు వేచియుండ నేల? నేటి సాయంకాలమే పొడవైన క్రొత్త పాస్‌వర్డు పెట్టుడు. ఆ యెనిమిదంకెల సౌకర్యము నాపుడు. యంత్రపు సాఫ్ట్‌వేరును సరిక్రొత్త చేయుడు. తన గడపను తాను కాచుకొనజాలనివాడు ఊరి క్షేమమును గూర్చి పలుకుట కర్హుడు గాడు.