సొమ్మొకడిది, సోకొకడిది

ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం హైదరాబాద్ కోటి జనాభా దాటిన మహానగరం. పారిస్ నగర హద్దుల్లో ఉండేది 20 లక్షల పైచిలుకు జనం, ప్రాగ్‌లో 13 లక్షల చిల్లర. ఆ రెండు ఊళ్ళ పేర్లు తెలియనివాళ్ళు అరుదు. అదే మనవాడెవడైనా యూరప్ వెళ్ళి "హైదరాబాద్ మాది" అంటే, టాక్సీ డ్రైవరు నుంచి ప్రొఫెసరు దాకా ఒక్క క్షణం ఆగి "బెంగళూరు దగ్గరా?" అంటారు. ఇంకాస్త లోకజ్ఞానం ఉన్నవాళ్ళు "పాకిస్తాన్‌లో కదూ?" అంటారు. సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది, నిజమే. అదీ పెద్ద ఊరే, దాని మీద నాకేం కోపం లేదు. కానీ అది 1768లో కట్టింది, మనది 1591 నాటిది. అన్నగారు తమ్ముడి పేరు చెప్పుకొని పరిచయం చేసుకోవాల్సిన ఖర్మ ఏమిటండీ?

ఈ బాధ మనకొక్కరికే లేదు. కోటిన్నర మంది ఉన్న కిన్షాసా ఏ దేశంలో ఉందో మనలో ఎంతమందికి తెలుసు? కోటి మంది వూహాన్ పేరు లోకమంతా ఒక్కసారిగా విన్నది 2020లో, అదీ రోగం పుణ్యాన. మనకూ అలాంటి రోజు ఒకటి దక్కింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడ్డప్పుడు ప్రపంచ పత్రికలన్నీ మన ఊరి పేరును తప్పుల్లేకుండా రాశాయి. అంతకు ముందు పదేళ్ళు ఇక్కడ జరిగిన పనికి మాత్రం అంత శ్రద్ధ చూపలేదు.

ఆ పని సంగతి చెప్పాలి. 1998 నవంబర్ 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి మాదాపూర్ అంటే బండరాళ్ళు, తుప్పలు, నాలుగు పల్లెలు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రానికి ఇండియాలో ఎంచుకున్నది హైదరాబాద్‌నే. 2000 మార్చిలో బిల్ క్లింటన్ వచ్చి హైటెక్ సిటీలో ప్రసంగించాడు. ఫేస్‌బుక్ ఇండియాలో మొదటి ఆఫీసు తెరిచింది ఇక్కడే, 2010లో. 2016 మేలో టిమ్ కుక్ స్వయంగా వచ్చి ఆపిల్ మ్యాప్స్ పని కోసం నానక్‌రామ్‌గూడలో ఆఫీసు ప్రారంభించి వెళ్ళాడు. అంటే, ఎక్కడో ఓహైయోలో ఒకాయన ఫోను చూసుకుంటూ కుడికి తిరుగుతున్నాడంటే అందులో నానక్‌రామ్‌గూడ పిల్లల చెయ్యి ఉండొచ్చు. 2019 ఆగస్టులో అమెజాన్ తెరిచిన క్యాంపస్ 15 వేల మందికి పైగా పట్టే భవనం. అమెజాన్‌కు ప్రపంచంలోనే ఇంతకంటే పెద్ద భవనం లేదని అప్పట్లో ఆ కంపెనీయే ప్రకటించుకుంది. అయినా అమెజాన్ ఊరేది అని అడగండి, సియాటిల్ అంటారు.

తెలంగాణ ప్రభుత్వ లెక్కల్లో 2022-23 నాటికి ఐటీ ఉద్యోగులు 9 లక్షల పైమాట, ఎగుమతులు 2.41 లక్షల కోట్లు. ఆ ఉద్యోగుల్లో దాదాపు అందరూ హైదరాబాద్‌లోనే ఉన్నారు. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో పసిపాపలతో సహా ఉండే జనమంతా కలిసినా సుమారుగా అంతే. ఇంత ఉండి కూడా, భారతదేశ ఐటీ గురించి లోకానికి చెప్పిన పుస్తకం, థామస్ ఫ్రీడ్‌మన్ 2005లో రాసిన 'ద వరల్డ్ ఈజ్ ఫ్లాట్', మొదలయ్యేది బెంగళూరులో. ఆయన రాసింది తప్పని నేననను. కానీ ఒక్క పుస్తకం దెబ్బకు పదిహేనేళ్ళపాటు వచ్చిన విలేఖరులందరూ ఆ విమానాశ్రయంలోనే దిగారు.

అసలు వాళ్ళు రావాల్సింది మాదాపూర్‌కు కూడా కాదు, అమీర్‌పేటకు. మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద, స్తంభాల మీద, మెట్ల మీద కూడా జావా, ఒరాకిల్, టెస్టింగ్ కాగితాలు అతికించిన ఆ నాలుగు సందులకు. పొద్దున్నే మొదలయ్యే బ్యాచ్‌లు, ఫ్రీ డెమో క్లాసులు, జిరాక్సు షాపుల్లో 'మెటీరియల్', పక్క వీధిలో ముగ్గురు నలుగురికో గది ఇచ్చే హాస్టళ్ళు. శ్రీకాకుళం నుంచి, ఖమ్మం నుంచి, కడప నుంచి, డిగ్రీ చేతిలో ఉండి ఇంగ్లీషులో రెండు వాక్యాలు తడుముకునే పిల్లలు బస్సు దిగి ఇక్కడికే వచ్చారు. ఏ యూనివర్సిటీ నేర్పనిది కొన్ని వేల రూపాయల ఫీజుకు, కొన్ని నెలల్లో నేర్చుకున్నారు. వాళ్ళలో ఎందరో ఆ తర్వాత డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇళ్ళు కొనుక్కున్నారు. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు లేవా అంటారు. ఉన్నాయి. లేవని చెప్పి ఈ ఊరిని దేవుడి గదిలో పెట్టను. కానీ కోచింగ్ సెంటర్ల గోల అని మనమే నవ్వి వదిలేసిన ఈ సందులంత పని చేసిన సంస్థలు దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దాని మీద ఒక మంచి చరిత్ర పుస్తకం ఎందుకు రాకూడదు? ఇప్పుడు పాఠాలు ఆన్‌లైన్‌కు మారాయి, సందడి తగ్గుతోంది. అమీర్‌పేటలో బ్లూ లైన్ మెట్రో ఎక్కితే నేరుగా ఐటీ కంపెనీలుండే రాయదుర్గంలో దిగుతాం. పాతికేళ్ళలో ఆ దారినే ఎన్ని కుటుంబాల తలరాత మారిందో!

ఈ ఊరి సరుకు మీద ఈ ఊరి పేరు లేకపోవడం కొత్తేమీ కాదు. గోల్కొండ గనుల్లోని వజ్రాలు కార్వాన్ బజారులో చేతులు మారి దేశాలు పట్టిపోయాయి. రీజెంట్ లూవ్ర్‌లో ఉంది, హోప్ వాషింగ్టన్‌లో ఉంది. రెండింటికీ పేర్లు కొన్నవాళ్ళవే. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది సికింద్రాబాద్‌లో. ఏటా ఆ రోజున ప్రపంచ దోమల దినం జరుపుతారు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలోని ఆ భవనానికి మాత్రం వెతుక్కుంటూ వెళ్ళాలి. చివరికి 'నాటు నాటు' అమెరికాలో మోగినప్పుడు కూడా ఇది బాలీవుడ్ కాదు, తెలుగు సినిమా అని రాజమౌళి విడమరిచి చెప్పుకోవాల్సి వచ్చింది.

బయటివాళ్ళను అని ఏం లాభం, మనం మాత్రం తక్కువ తిన్నామా? పాతబస్తీని ఇస్తాంబుల్ చేస్తామని మన నాయకులే అన్నారు. చార్మినార్ ఉన్న ఊరికి ఇంకో ఊరి వేషం ఎందుకో ఎవరూ అడగలేదు. చార్మినార్, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు 2010 నుంచీ యునెస్కో తాత్కాలిక జాబితాలోనే కూర్చున్నాయి. ఈలోగా అహ్మదాబాద్ 2017లో, జైపూర్ 2019లో ప్రపంచ వారసత్వ నగరాలైపోయాయి. అదే 2019లో మనం ఇర్రం మంజిల్ ప్యాలెస్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కడదామనుకున్నాం. హైకోర్టు అడ్డుపడింది కాబట్టి మిగిలింది. ఇక ఖాజాగూడ, కోకాపేటల్లో కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ గుట్టలను పేల్చి, ఏ ఊళ్ళోనైనా కనబడే అద్దాల టవర్లు లేపాం. సందర్శకుడు ఫోటో తీసుకుంటే అది షార్జానో షెన్‌జెనో పోల్చుకోలేడు. మన ముఖం మనమే చెరిపేసుకుంటూ, గుర్తుపట్టలేదని ఎదుటివాడి మీద అలిగితే ఎలా?

అయినా ఒక్క సరుకు మీద మాత్రం మన పేరుంది. 2020 డిసెంబర్‌లో 60కి పైగా దేశాల రాయబారులు టీకాలు చూడ్డానికి వచ్చిన భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ కంపెనీల సీసాలు తీసి చూడండి. చిన్న అక్షరాల్లోనైనా చిరునామా ఉంటుంది. మందు ఎవరు, ఎక్కడ తయారుచేశారో లేబుల్ మీద వేయాలని మన చట్టం. సాఫ్ట్‌వేర్‌కు అలాంటి చట్టం లేదు. ఐఫోను పెట్టె మీద కాలిఫోర్నియాలో డిజైన్ చేశామని ఆ కంపెనీ గర్వంగా అచ్చేసుకుంటుంది, వేసుకోనీ. ఆ మ్యాపుల కింద, ఆ షాపింగ్ యాప్ కింద, 'ఎబౌట్' అని నొక్కితే వచ్చే పేజీలో పని జరిగిన ఊళ్ళ పేర్లు రాయడానికి కంపెనీలకు ఖర్చేమీ కాదు. స్థలాలు, రాయితీలు అడిగేటప్పుడు మన ప్రభుత్వంతో గంటలు గంటలు మాట్లాడతారు కదా, ఒప్పందంలో ఆ ఒక్క షరతు కూడా పెట్టమని ఆ ప్రభుత్వాన్నే అడుగుతున్నాను.