ఏ పల్లె గుడమ్మా మీది?

మా అమ్మ మిరపకాయ కోతకెళ్లేది. ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి. ఇంట్లో చాలని రోజున కూడా ఆ పిడికిలి చిన్నదయ్యేది కాదు. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరొచ్చిన నాటి నుంచీ మా సంఘం అట్లాంటి పిడికిళ్ల మీదే నిలబడింది. ఆ సంఘమే నన్ను దేశంలోని లూథరన్ సంఘాల సభకి పంపింది.

అక్కడ నా గదిలో ఛోటానాగపూర్ నుంచొచ్చిన ఉరావ్ అక్క ఉంది. వచ్చీరాని హిందీలో మాట్లాడుకున్నాం. ఆమె క్రైస్తవురాలు, ఎస్టీ కూడా. "మరి నువ్వు?" అంది. బీసీ-సి అన్నా. ఆమెకి అర్థం కాలేదు. ఎట్లా అర్థమవుద్ది? ఎస్టీకి మతం అడ్డం రాదు. ఎస్సీకి 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా అడ్డం. ముందు హిందువులకే అన్నారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మమ్మల్నీ ముస్లింల్నీ గడప బయటే నిలబెట్టారు. ఆ పేరా తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెబితే వినలేదు. మాకు బీసీ-సి కింద దక్కింది ఒక్క శాతం. అందుకే మా పల్లెలో చానామందికి రెండు పేర్లు. బడి రికార్డులో ఒకటి, బాప్తిస్మం రిజిస్టర్లో ఒకటి. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసు కొట్టేస్తూ, క్రైస్తవుడికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదంది. దెబ్బ కులం చూసి పడుద్ది. చట్టం మతం చూసి తప్పుకుంటది.

సభలో తీర్మానం చదివారు. మతం మారినా కులం పోదు, మూడో పేరా రద్దు చెయ్యాలి అని. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

ఆ మధ్యాహ్నం భోజనాల కాడ మన తెలుగు పాస్టరమ్మగారొకామె నా పక్కన కూచుంది. "ఏ ఊరమ్మా?" చెప్పా. "ఇంటిపేరు?" చెప్పా. "ఆ ఊళ్లో రెండు గుళ్లుంటయ్ గదా, ఏ పల్లె గుడమ్మా మీది?" మాదిగపల్లె అన్నా. "ఓహో" అంది. అంతే, మాటలైపోయినై. కాసేపటికి పళ్లెం తీసుకుని అవతలి బల్లకి పోయింది. నాకు ముద్ద దిగలేదు.

కులం పోదనటానికి సాక్ష్యం కోసం ఢిల్లీ ఎందుకు పోవాలి? మన భోజనాల బల్లే సాక్ష్యం.

ఈ సంగతి ఒక అయ్యగారితో అంటే, "బయటనకు తల్లీ, పరాయోళ్లకి లోకువవుతాం" అన్నాడు. ఎవరికి లోకువ? 1985లో కారంచేడులో మాదిగల్ని చంపారు. 1991లో చుండూరులో మాలల్ని చంపారు. చంపేటోడికి రెండు పల్లెలూ ఒకటే. మనకే ఒకటి కాలేదు.

సభలో 1517 గురించి శానా చెప్పారు. పోపుని నిలదీసిన లూథర్ గురించి. 1525లో జర్మనీ రైతులు అదే సువార్త పట్టుకుని దొరల మీద తిరగబడితే, వాళ్లని నరకమని రాసిందీ ఆయనే. ఆ మాట ఒక్కరూ ఎత్తలేదు. పై వాణ్ణి నిలదీసి కింది వాణ్ణి తొక్కటం మనకి అక్కణ్ణుంచే వచ్చిందా? ఆయన పేరు పెట్టుకున్నోళ్లం ఆయన్ని కూడా అడగొద్దా?

ఢిల్లీకి తీర్మానం పంపండి. నేనూ సంతకం పెడతా. రెండో తీర్మానం మన మీద మనం రాసుకోవాలి. ఒక ఊరికి రెండు గుళ్లెందుకు? సంఘం ఎలక్షన్లలో ఓటు కులం చూసి ఎందుకు పడుతుంది? మాల పిల్లోడికీ మాదిగ పిల్లకీ మందిరంలో పెళ్లి చేసిన అయ్యగార్లు ఎందరు? ఇవి అడక్కుండా మూడో పేరా పోయినా, మన గుళ్లో పేరా అట్లానే ఉంటది.

మా అమ్మ పిడికెడు బియ్యం, అవతలి పల్లె తల్లి పిడికెడు బియ్యం. రెండూ అమ్మిన డబ్బు పైకిపోయి ఒకే ఖాతాలో కలుస్తది. అప్పుడెవరూ ఏ పల్లెదని అడగరు. మరి అన్నం కాడ ఎందుకడుగుతున్నారు?