వాహన వైద్యం: గేరుబాక్సు పోయిందని నిర్ణయించే ముందు

పదిహేనేళ్ళుగా రెండు లక్షల కిలోమీటర్లు నమ్మకంగా తిరిగిన ఆటోమాటిక్ కారు ఒకనాడు వంతెన ఎక్కలేక, ఇంజను మాత్రం హోరుమంటూ నిలిచిపోతే, యజమానికి సాధారణంగా వినవచ్చే తీర్పు ఒక్కటే: "గేరుబాక్సు పోయింది." దానిని మార్పించడానికి అయ్యే ఖర్చు, అంత పాత కారుకు పలికే ధరనే మించిపోవడం కద్దు. అందుచేత కొందరు కారును వచ్చినకాడికి అమ్మివేస్తారు. కొందరు అప్పుచేసి క్రొత్త పెట్టె వేయిస్తారు. ఆ తీర్పు కొన్నిసార్లు నిజమే. కాని చమురు తగ్గినా, తీగ తెగినా, బ్యాటరీ నీరసించినా కారు ఇంచుమించు ఇవే లక్షణాలను చూపుతుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లు కాకుండా ఉండాలంటే పరీక్షకు ఒక క్రమం ఉండాలి. ఖర్చులేని పరీక్ష ముందు, పెట్టె విప్పడం చిట్టచివర.

మొట్టమొదట మీ కారులో ఉన్నది ఏ రకమో తెలుసుకోవాలి. మన దేశంలో 2014లో మారుతి సెలేరియోతో ప్రవేశించిన ఏ.ఎం.టి. నిజానికి మామూలు గేరుబాక్సే. క్లచ్చి నొక్కడం, గేరు మార్చడం మాత్రం యంత్రం చేస్తుంది. సి.వి.టి.లో రెండు కప్పీల నడుమ ఉక్కు బెల్టు తిరుగుతుంది. ఈ రెండింటి జబ్బులు వేరు. పాత కార్లలో తరచు కనిపించే మూడవ రకం టార్క్ కన్వర్టరుతో పనిచేసేది. ఈ వ్యాసం దానిని గురించే.

టార్క్ కన్వర్టరుకు మూలమైన సూత్రానికి జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంటు పొందాడు. ఆయన దృష్టిలో ఉన్నవి కార్లు కావు, ఓడలు. ఎదురెదురుగా రెండు విసనకర్రలు ఉంచి ఒకదానిని త్రిప్పితే ఆ గాలికి రెండవది తిరుగుతుంది. కన్వర్టరులో గాలికి బదులు చమురు ఉంటుంది. అక్కడినుండి శక్తి పళ్ళచక్రాలకు చేరుతుంది. ఏ చక్రం తిరగాలో, ఏది ఆగాలో నిర్ణయించేవి చమురులో మునిగి ఉండే క్లచ్చి ప్లేట్లు. వాటిని అదిమిపట్టేది కూడా చమురు ఒత్తిడే. శక్తిని అందించడం, ప్లేట్లను బిగించడం, వేడిని మోసుకుపోవడం, రాపిడి తగ్గించడం అనే నాలుగు పనులూ చేసేది ఒకే చమురు గనుక పరీక్ష అక్కడే మొదలు కావాలి.

మీ కారుకు చమురు కొలిచే డిప్‌స్టిక్కు ఉంటే, కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన పద్ధతిలోనే కొలవండి. అనేక కార్లలో ఇంజను వేడెక్కిన పిదప, సమతలం మీద, ఇంజను తిరుగుతుండగా కొలవాలి. కొన్నింటిలో ఇంజను ఆపిన వెంటనే కొలవాలి. డిప్‌స్టిక్కు లేని కార్లకు ఈ పని వర్కుషాపులోనే జరగాలి. ఇంజను చమురువలె ఈ చమురు వాడకంలో మండిపోదు. కనుక తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. ఆ కారుడు మాన్పి, సరియైన రకం చమురు తగినంత పోస్తే బాగుపడిన బండ్లు ఎన్నో ఉన్నాయి.

తరువాత ఒక చుక్కను తెల్లని గుడ్డమీద వేసి చూడండి. చాల కార్లలో క్రొత్త చమురు ఎర్రగా ఉంటుంది. వాడినకొద్దీ కొంత గోధుమరంగుకు తిరగడం సహజం. నల్లబడి మాడిన వాసన వేస్తే ప్లేట్ల పూత కాలిందని గ్రహించాలి. గులాబిరంగు పాలవలె కనిపిస్తే నీరు కలిసినట్లు. అనేక కార్లలో ఈ చమురు రేడియేటరులోని గొట్టం ద్వారా చల్లబడుతుంది. ఆ గొట్టం చిల్లుపడితే నీళ్ళు చమురులోకి ప్రవేశించి ప్లేట్ల పూతను ఊడదీస్తాయి. ఆ స్థితిలో కారును ఒక్క కిలోమీటరు కూడా నడపరాదు.

చమురు సరిగా ఉన్నదనుకుందాం. ఇప్పుడు తప్పు గేరుబాక్సుదేనా అని ప్రశ్నించాలి. ఎత్తుమీద కారు లాగనప్పుడు ఇంజను వేగం చూపే ముల్లును గమనించండి. ముల్లు పైకి లేచినా కారు వేగం పెరగకపోతే లోపల ఏదో జారుతున్నది. ముల్లే లేవకపోతే దోషం ఇంజనుదో, పట్టుకుపోయిన బ్రేకులదో, పూడుకుపోయిన పొగగొట్టానిదో కావచ్చు. గేరు వేసినప్పుడు దబ్బుమని కొట్టుకునే శబ్దానికి ఇంజనును పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు చిరగడం కూడా కారణమే. గేరు లివరునుండి పెట్టెకు వెళ్ళే కేబులు సాగినా, గేరు సరిగా పడక జారినట్లు తోస్తుంది.

దోషం పెట్టెదేనని తోస్తే దాని సమయాన్నీ స్థానాన్నీ కనిపెట్టాలి. బ్రేకు గట్టిగా తొక్కి, న్యూట్రల్‌నుండి డ్రైవ్‌కు మార్చితే ఆరోగ్యమైన కారులో సుమారు ఒక సెకనులో గేరు పట్టుకున్న కదలిక తెలుస్తుంది. రెండు మూడు సెకన్లు పడితే లోపల ఒత్తిడి చాలడం లేదన్నమాట. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఆలస్యమై, వేడెక్కాక సరిపోతుంటే రబ్బరు సీళ్ళు గట్టిపడి ఉండవచ్చు. చల్లగా ఉన్నంతసేపు బాగుండి వేడెక్కాక జారుతుంటే, పలచబడిన చమురు అరిగిన సందులగుండా జారి ఒత్తిడి పోతున్నదని అనుమానించాలి. అన్ని గేర్లలోనూ జారితే పంపు, ఫిల్టరు, కన్వర్టరు వైపు చూడాలి. ఒక్క గేరులోనే జారితే ఆ గేరుకు సంబంధించిన ప్లేట్లో, దానికి చమురు వదిలే విద్యుత్ కవాటమో, అంటే సొలినాయిడో, కారణం కావచ్చు. సొలినాయిడ్ మార్చడానికి చాల కార్లలో పెట్టె మొత్తం దించనక్కరలేదు.

అరవై, డెబ్బై కిలోమీటర్ల వేగంలో రాళ్ళబాటమీద పోతున్నట్లు కారు అదిరితే, అది ఇంజను అదురో, కన్వర్టరు లోపలి లాకప్ క్లచ్చి అదురో తేల్చడానికి ఒక ఉపాయం ఉన్నది. నిర్జనమైన రోడ్డుమీద అనుభవజ్ఞుడైన మెకానిక్ యాక్సిలరేటరు కదపకుండా, వెనుక దీపం వెలిగేటంత మాత్రమే బ్రేకును తాకుతాడు. అప్పుడు లాకప్ విడిపోతుంది. అదురు ఆ క్షణమే ఆగితే అనుమానం ఆ క్లచ్చిమీదికి పోతుంది. ఆగకపోతే ఇంజనును పరీక్షించాలి.

కొన్నిసార్లు కారు ఒకే గేరులో ఉండిపోయి మరొక దానికి మారదు. ఇది మరణం కాకపోవచ్చు. ఏదో సెన్సారు తప్పు చెప్పినా, బ్యాటరీ వోల్టేజి పడిపోయినా, కారులోని కంప్యూటరు పెట్టెను కాపాడటానికి ఒకే గేరుతో నడిపిస్తుంది. మెకానిక్కులు దీనిని లింప్ మోడ్ అంటారు. స్కానర్‌తో చదివితే పి0700 అనే సంకేతం రావచ్చు. "ట్రాన్స్‌మిషన్‌లో ఏదో లోపం ఉన్నది, దాని కంప్యూటరును అడుగు" అని మాత్రమే దాని భావం. దానిని చూపి పెట్టె మార్చాలనడం, జ్వరమున్నదని శస్త్రచికిత్స చేయడమే. దాని వెనుకనున్న అసలు సంకేతాన్ని చదివించాలి.

ఇంతవరకు విప్పినది ఏమీ లేదు. ఇక గేజితో చమురు ఒత్తిడి కొలిపించి, అడుగున ఉండే ఆయిల్ పాన్ దింపించండి. అందులోని అయస్కాంతానికి బూడిదవంటి మెత్తని పొడి అంటి ఉండటం వయస్సుకు సహజం. లోహపు పెచ్చులు, పళ్ళ ముక్కలు కనబడితే ఆశ వదలుకోవచ్చు. చూపుతోనే తీర్పు చెప్పడానికి మంచి ఉదాహరణ ఉన్నది. 2004లో అమెరికాలో హోండా సంస్థ సుమారు 11 లక్షల వాహనాలను వెనుకకు పిలిచింది. చమురు చాలినంత అందక రెండవ గేరు వేడెక్కి విరిగే ప్రమాదం ఉండటమే కారణం. 15,000 మైళ్ళు దాటిన వాహనాలలో ఆ గేరు రంగు మారిందేమో చూచి, మారితే పెట్టెనే మార్చారు. మారకపోతే చమురు చిమ్మే చిన్న ఏర్పాటుతో సరిపుచ్చారు. అంత పెద్ద సంస్థ సైతం చూడనిదే మార్చలేదు.

పాత పెట్టెలో చమురు మారిస్తే చెడిపోతుందనే నమ్మకం ఒకటి ప్రచారంలో ఉన్నది. చాలమంది జారడం మొదలైన తరువాతనే చమురు మార్పిస్తారు. పిదప పెట్టె ఆగిపోతే నింద చమురుమీద పడుతుంది. కాలిన పూతను క్రొత్త చమురు తిరిగి అతికించలేదు. జారుడు లేని పాత కారుకు మాత్రం యంత్రపు ఒత్తిడితో కడిగించకుండా, మామూలుగా వంచి పోయించడం మంచిది.

దారిలో ఆగిపోతే ఆటోమాటిక్ కారును నెట్టి స్టార్టు చేయడం సాధారణంగా సాధ్యం కాదు. చక్రాలు నేలమీద ఉండగా తాడు కట్టి లాగించవద్దు. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. చమురందక, అంతవరకు బాగున్న భాగాలు కూడ కాలిపోతాయి. నడిపే చక్రాలను పైకెత్తిగాని, కారు మొత్తాన్ని లారీమీద ఎక్కించిగాని తరలించాలి.

చివరకు మెకానిక్కును నాలుగు ప్రశ్నలు అడగండి. చమురు ఎలా ఉన్నది? స్కానర్ ఏ సంకేతాలు చూపింది? ఒత్తిడి ఎంత? పాన్‌లో ఏమి కనిపించింది? ఈ నాలుగింటికి జవాబులు వ్రాసి ఇవ్వగలిగిన వానికి పెట్టె విప్పే అనుమతి ఇవ్వవచ్చు. జవాబులు లేకుండానే ధర చెప్పేవాని వద్దనుండి, మరమ్మతు ఖర్చుకు భయపడక, కారును మరొక చోటికి తీసుకుపోవడం మేలు.