పచ్చి అల్లం, ఎండిన శొంఠి



వానలు వెళ్ళి మంచు పడడం మొదలైతే ఇంట్లో అల్లం వాడకం పెరుగుతుంది. అరకు, పాడేరు కొండల్లోనూ, జహీరాబాదు చేలల్లోనూ పండే ఈ దుంపను మనం వేరు అనుకుంటాము గాని, అది నేలలో పెరిగే కాండమే. ఎండి శొంఠి అయ్యేటప్పుడు దాని ఘాటు హెచ్చుతుంది. కనుక చెంచా అల్లం వేసే చోట పావు చెంచా శొంఠి పొడి చాలు.

టీలో అల్లం వేస్తే పాలు విరిగిపోతున్నవని చాలామంది అంటారు. పాడి లేని ఇంట్లో గ్లాసెడు పాలు పోయినా నష్టమే కదా! పచ్చి అల్లంలో మాంసకృత్తులను విడగొట్టే పదార్థం ఒకటి ఉంది. బాగా మరిగితే అది పనిచేయదు. అందుచేత దంచిన అల్లాన్ని ముందుగా నీళ్ళలో మూడు నాలుగు నిమిషాలు మరగనిచ్చి, ఆ తరువాతే పాలు పోయండి. చైనా దేశపు దక్షిణాన గ్వాంగ్‌డాంగ్‌లో ఇదే గుణాన్ని వాడుకొని, అల్లం రసం మీద వేడి తీపి పాలు పోసి, జున్నులా పేరుకోగానే తింటారు!

ముదురు మాంసానికీ ఈ గుణమే మేలు. అరకిలో మాంసానికి చెంచాన్నర పచ్చి అల్లం ముద్ద, ఉప్పు పట్టించి గంటసేపు ఉంచండి. నాలుగు లవంగాలు, రెండు అంగుళాల దాల్చినచెక్క, మూడు యాలకులు చాలు. మసాలా గుప్పిస్తే ఘనమైన కూర అవుతుందనే మాట మాకు నచ్చదు.

పచ్చడికి 100 గ్రాముల అల్లం చెక్కు తీసి, కడిగి, తడి లేకుండా తుడిచి, నూనెలో వేయించండి. 100 గ్రాముల చింతపండును మరిగిన నీళ్ళలోనే నానబెట్టాలి, చన్నీళ్ళయితే త్వరగా బూజు పడుతుంది. 150 గ్రాముల బెల్లం, తగినంత ఉప్పు, వేయించిన ఎండుమిరపకాయలు చేర్చి నూరి పోపు పెట్టండి. పెసరట్టుకు దీనికి మించినది లేదు. పిల్లలకైతే అల్లం ముద్దకు రెట్టింపు బెల్లం చేర్చి, ఉండపాకం వచ్చేదాకా ఉడికించి, నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి ముక్కలు కోస్తే మురబ్బా.

ఇక బాలింతల సంగతి. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, బెల్లం, నెయ్యి కలిపి కాయం చేసిపెట్టడం పెద్దల నాటి అలవాటు. ఉసిరికాయంత తింటే మేము తప్పుపట్టము. కాయం పెట్టామన్న ధైర్యంతో పథ్యం పేర కూర, పప్పు మాన్పించడం, దాహమన్నా నీళ్ళివ్వకపోవడం మాత్రం కూడదు. పాలిచ్చే తల్లికి ముందుకంటే ఎక్కువ తిండి, ఎక్కువ నీళ్ళు కావాలి. అత్తగారలారా, కోడలికి పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు తప్పక పెట్టండి. పసిబిడ్డకు శొంఠి నాకించవద్దు, ఏడాది నిండేదాకా తేనె అసలే వద్దు. తల్లికి జ్వరం తగిలినా, రక్తస్రావం ఎక్కువైనా, మరో ఉండ పెట్టి చూద్దామనక ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.